గాలి తీయకుండా తిప్పిన ఇంజను

కోపం తగ్గాక రాయమంది మా అమ్మ. తగ్గేలా లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని చిన్నప్పటి నుంచీ ఆమె నాకు చెబుతూనే ఉంది. నా నోరు మంచిది కాదని కోయిలకుంట్లలో మా వీధి వీధంతా ఎరుగుదురు. అయినా ఈ విషయంలో చెడ్డది ఊరే, నా నోరు కాదు. ఆ మాట కూడా అమ్మకు చెప్పాను. "నీతో ఎవురు వాదిస్తారు తల్లీ" అని వంటింట్లోకి పోయింది.

నేను కర్నూలు పొలిమేరల్లో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. చుట్టూ నల్లరేగడి, వేసవిలో నెర్రెలు విచ్చిన నేల, మధ్యలో అద్దాల ముఖంతో కాలేజీ. ముందువైపు అద్దాలు, వెనకవైపు రేకుల షెడ్డు. ఆ షెడ్డే మా వర్క్‌షాపు. ఎవరు వచ్చినా అద్దాలు చూపించి, ఏసీ గదిలో కూల్‌డ్రింకు ఇచ్చి పంపేస్తారు. షెడ్డు వైపు ఎవరూ రారు. అందుకే నాకు ఆ షెడ్డంటే అంత ఇష్టం.

ఆ షెడ్డులో ఒక మూల మా ఇంజను ఉండేది. ఉండేది అని రాయాల్సి వచ్చినందుకే ఒళ్ళు మండుతోంది. అది మా చేనిలో బావి మీద నడిచిన డీజిలు ఇంజను, ఒకే సిలిండరు. బావి ఎండిపోయి, బోరూ కరెంటు మోటారూ వచ్చాక అది కొట్టంలో మూలపడింది. దాని మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి. కాలేజీకి పట్టుకుపోతానని అడిగితే మా నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తీస్కపోమ్మా. ఇంగెన్నాళ్ళు కోళ్ళకు కాపలా కాస్తాది అది?" అన్నాడు.

ఆ ఇంజనుకు మేం ఏం చేశామో చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. డీజిలు ఇంజనుకు రెండు తలుపులు ఉంటాయనుకోండి. ఒకటి గాలి లోపలికి రావడానికి, ఇంకొకటి పొగ బయటికి పోవడానికి. వాటినే వాల్వులంటారు. మామూలు ఇంజనులో వాటిని తెరిచేది కామ్. తిరిగే ఇరుసు మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక ఉబ్బు ఉంటుంది. ఇరుసు తిరిగినప్పుడల్లా ఆ ఉబ్బు ఒక కడ్డీని పైకి తోస్తుంది, కడ్డీ కదిలి వాల్వు తెరుచుకుంటుంది. ఇంజను బరువు లాగుతున్నా, ఊరికే తిరుగుతున్నా కామ్‌కు ఒకటే పద్ధతి. పెళ్ళయినా దినమైనా అదే చారు కాచే వంటమనిషి లాంటిది అది.

మేం వాల్వుల కడ్డీలు పీకేశాం. ఆ పని ఆయిలుకు అప్పజెప్పాం. ఒక పంపు ఆయిలును గట్టి ఒత్తిడితో సన్నని గొట్టాల్లోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి వాల్వు తెరుచుకుంటుంది. ఆయిలును ఎప్పుడు వదలాలో, ఎంతసేపు వదలాలో కరెంటుతో పనిచేసే చిన్న మీట చూసుకుంటుంది, దానికి ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరు. బరువు పెరిగితే ఒక రకంగా, తగ్గితే ఇంకో రకంగా వాల్వులను తెరవచ్చు. డీజిలు తక్కువ తాగుతుంది, పొగ తక్కువ వదులుతుంది. పెద్ద పెద్ద కంపెనీలు ఎన్నో ఏళ్ళుగా దీనితో కుస్తీ పడుతున్నాయి. మేమేదో కొత్తగా కనిపెట్టామని నేను అనడం లేదు. కోళ్ళు గుడ్లు పెట్టిన ఇంజను మీద, కర్నూలు ఎండలో, రేకుల కింద మా పిల్లలు దాన్ని నడిపించారు. నా గర్వం అంతవరకే.

కామ్‌కు ఒక మంచి గుణం కూడా ఉంది. అది పళ్ళచక్రాలతో కట్టేసి ఉంటుంది కాబట్టి పిస్టను పైకి వచ్చే వేళకు వాల్వు మూసుకుని తీరుతుంది. ఆయిలుకు ఆ కట్టుబాటు లేదు. ఆయిల్లో గాలి బుడగలు చేరాయంటే ఒత్తిడంతా వాటిని నలపడానికే సరిపోతుంది, వాల్వు మన మాట వినదు. డీజిలు ఇంజనులో పిస్టను పైకి వచ్చిందంటే పైన గోరు పట్టేంత సందు కూడా ఉండదు. ఆ క్షణంలో వాల్వు తెరిచి ఉంటే పిస్టను వచ్చి గుద్దేస్తుంది. ఇక ఇంజను చచ్చినట్టే.

అందుకని ప్రతిసారీ ముందు ఆయిలు పంపు వేయాలి. వాల్వు దగ్గరున్న చిన్న స్క్రూ వదులు చేస్తే ఆయిలు నురగలు నురగలుగా వస్తుంది. నురగ పోయి తేటగా వచ్చేదాకా ఆగి, స్క్రూ బిగించాలి. గాలి తీయడం అంటాం దీన్ని. రెండు వాల్వులకూ గాలి తీసి, ఒత్తిడి చూపించే ముల్లు కదలకుండా నిలబడ్డాకే స్టార్టరు నొక్కాలి. ఎవరైనా తొందరపడతారేమోనని ఒక తాళం కూడా పెట్టాం. ముల్లు నిలకడగా లేకపోతే ఎర్రలైటు వెలుగుతుంది, బటన్ ఎంత నొక్కినా స్టార్టరు తిరగదు.

గాలి తీసే పని మా గుంపులో ఒక అమ్మాయిది. ఆఖరి సంవత్సరం మెకానికల్లో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల. కడప జిల్లాలో ఒంటిమిట్ట దాటాక రోడ్డు దిగి లోపలికి పోవాలి వాళ్ళ ఊరికి. నాన్నకు కొంచెం మెట్ట చేను ఉంది. వానొస్తే పంట, రాకపోతే ముగ్గురాయి గనుల్లో లారీలకు లోడింగు పని. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆ పిల్లకు మాట తక్కువ, ఓపిక ఎక్కువ. మగపిల్లలు నురగ కాస్త తగ్గగానే "అయిపోయింది మేడం" అంటారు. ఆ పిల్ల అలా అనదు. కారే ఆయిలును వేళ్ళ మధ్య రుద్ది చూసి, "ఇంగా ఉండాది మేడం" అంటుంది. "ఏం మే, నూనె గానుగ పెట్టినావా?" అని మొదట్లో మగపిల్లలు ఎగతాళి చేశారు. ఆమె సరేనన్నాక ఇంజను ఒక్కసారీ మొరాయించకపోయేసరికి నోరు మూసుకుని ఆ పని ఆమెకే వదిలేశారు.

ఆ పిల్లకు పూణేలో ఒక ఇంజన్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో కాదు, కొత్త ఇంజన్లను నడిపి పరీక్షించే షెడ్డులో. నేను ఎగిరి గంతేశాను. వాళ్ళ నాన్న గంతేయలేదు. వచ్చేదీ రానిదీ నెలాఖరులోగా చెప్పమన్నారు కంపెనీవాళ్ళు. ఆయన ఊ అనడు, ఊహూ అనడు. చివరికి నేనే ఫోన్ చేశాను.

"పంపేదానికి నాకేం అడ్డం లేదు మేడం," అన్నాడాయన. "నాకుండే అనుమానం ఒగటే. అంత దూరం పోయినాక ఆడపిల్లను మిషను కాడికి రానిస్తారా? నేను లోడింగులో చూస్తానే ఉండా గదా. ఆడపిల్లోల్లను పెట్టుకునేది వచ్చినోల్లకు నీళ్ళియ్యను, టీ ఇయ్యను. దానికైతే పూణే యాల? ఈడనే టీచరు ట్రైనింగు చేసుకోని ఇంటికాడ ఉండొచ్చు గదా."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆయన చెప్పింది నిజం కావడం మీద. మా కాలేజీలోనే ఆడ లెక్చరర్లం ఎంతమందిమి ఎన్ని మీటింగుల్లో టీలు అందించామో నాకు తెలుసు. "మీరే ఒకసారి రాండి. మీ పాప మిషను ఎట్ల నడుపుతాదో చూసి, అప్పుడు చెప్పండి," అన్నాను.

"నా కండ్లతో చూస్తే చాలు మేడం. ఆ పొద్దే ఊ అంటా," అన్నాడు. మాట మీద నిలబడే మనిషని గొంతులోనే తెలిసింది.

ఆ వారంలోనే కాలేజీకి ఒక పెద్దమనిషి వస్తున్నాడన్నారు. రాజకీయాల్లో పలుకుబడి ఉన్నవాడు, మా కరస్పాండెంటుకు, అంటే కాలేజీ యజమానికి, కావలసినవాడు. ఆయన చేత మా ఇంజనును స్టార్ట్ చేయించాలని పైన నిర్ణయించారు. అన్నాళ్ళూ షెడ్డు వైపు తొంగి చూడనివాళ్ళు వచ్చి గోడలకు సున్నం వేయించారు. మా డిపార్టుమెంటు హెచ్చోడీ ఆ ఇంజనుకు ఒక్క నట్టు బిగించిన పాపాన పోలేదు. ఆయన గేటు దగ్గర ఫ్లెక్సీలో ఇంజను పక్కన చేతులు కట్టుకుని, అది తన కన్నబిడ్డ అయినట్టు నవ్వుతూ నిలబడ్డాడు. సొమ్మొకడిది, సోకొకడిది. పోనీలే, ఇంజను నడిస్తే చాలని ఊరుకున్నాను. నేను ఊరుకున్నానని విని మా అమ్మ నాకు జ్వరమేమో అనుకుంది.

ఆ అమ్మాయి నాన్నను ఆ రోజే రమ్మన్నాను. బటన్ పెద్దమనిషే నొక్కనీ. పక్కన నిలబడి గాలి తీసి, ముల్లు చూసి, "ఇప్పుడు నొక్కండి సార్" అని చెప్పేది మాత్రం ఆ అమ్మాయే కావాలని హెచ్చోడీ దగ్గర ముందే మాట తీసుకున్నాను. ఆయన తల ఊపాడు. ఆయన తల ఎవరి ముందైనా అలాగే ఊగుతుంది.

శుక్రవారం వచ్చింది. పెద్దమనిషి తొమ్మిదికల్లా వస్తానన్నాడు. పదిన్నరకు రాహుకాలం. ఆలోపే బటన్ నొక్కించాలని, రాహుకాలంలో కొత్త మిషను తిప్పితే కాలేజీకే అరిష్టమని కరస్పాండెంటు ఒకటికి పదిసార్లు కబురు పంపాడు. రాహుకాలం చూసుకోవడంతో నాకేం పేచీ లేదు. మా నాన్న కూడా విత్తేటప్పుడు చూస్తాడు. కానీ రాహుకాలం వచ్చేస్తోందని ఆయన తడవని నేలలో విత్తనాలు చల్లడు.

పది కావస్తున్నా కార్ల జాడ లేదు. ఆ అమ్మాయి అప్పుడే ఆయిలు పంపు వేసి, గాలి వాల్వు దగ్గర స్క్రూ తిప్పుతోంది. వాళ్ళ నాన్న బస్సు దిగి, దారి తెలియక నంద్యాల చెక్‌పోస్టు దగ్గర నిలబడిపోయానని ఫోన్ చేశాడు. ఆటోవాడికి చెప్పి రప్పించవచ్చు. కానీ అంత దూరం నుంచి వచ్చిన మనిషిని నేనే తీసుకురావాలనిపించి స్కూటీ మీద బయల్దేరాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో కూతురికి తెచ్చిన బొరుగుల ఉండల సంచి. వెనక కూర్చుని దారంతా ఒకే ప్రశ్న అడిగాడు.

"ఇప్పుడు ఏం చేస్తాంటాది మేడం మా పాప?"

"మిషనుకు గాలి తీస్తాంటాది. అది ఆయమ్మ తప్ప ఇంగెవురూ చేయలేరు," అన్నాను. వెనక నుంచి చిన్నగా నవ్విన చప్పుడు వినిపించింది.

గేటు దగ్గర బండి ఆపాను. రెండు వైపులా ఆడపిల్లలు పట్టుచీరల్లో, చేతుల్లో పళ్ళేలతో నిలబడి ఉన్నారు. కుంకుమ, పూలు, కర్పూరం. వరస చివర, ఎవరిదో ఎరువు తెచ్చుకున్న చీరలో, చేతిలో హారతి పళ్ళెంతో ఆ అమ్మాయి. గోళ్ళ సందుల్లో ఆయిలు నలుపు ఇంకా అలాగే ఉంది. ఆమె మమ్మల్ని చూసి తల దించుకుంది. వాళ్ళ నాన్న బండి దిగి, సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇదేంది మా?" అన్నాడు.

"హెచ్చోడీ సార్ చీర కట్టుకోని ఈడ నిలబడమన్నాడు నాయనా. మాకు హారతులు అలవాటు లేదు సార్ అంటే, ఒగ పూటకు ఏం గాదులే అన్నాడు." ఆపైన నా వైపు తిరిగి గబగబా చెప్పింది. "మేడం, గాలి వాల్వు ఒగటే అయింది. పొగ వాల్వుకు ఇంగా తీయలేదు. చెప్తే మగపిల్లోల్లు చూసుకుంటార్లే అన్నాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. హెచ్చోడీ అక్కడే పూలదండలు సర్దిస్తున్నాడు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఏం సార్, ఈ పాపను ఈడికి యాల పిలుచుకోని వస్తిరి? మీరు నాకు మాట ఇయ్యలేదా?"

"గమ్మునుండండి మేడం, వచ్చేటోల్లు వచ్చే టైము. కంప్యూటర్ సైన్సు ఆడపిల్లోల్లు పరీక్షలకు పోయినారు. మన బ్రాంచిలో ఉండేది ఒగ ఆడపిల్ల. ఆ ఒగటీ ఈడ లేకుంటే మెకానికల్ పరువు ఏం గావాల?"

"మెకానికల్ పరువు పళ్ళెంలో ఉండాదా సార్? మిషను తావ ఎవురుండారు ఇప్పుడు?"

"మగపిల్లోల్లు ల్యారా?"

"యాడుండారు? చూపించండి."

ఆయన చెయ్యి ఎత్తి చూపించాడు. మా మగపిల్లలు, ఇంజను చేసిన ఆ పిల్లలే, నెత్తిన కుర్చీలు పెట్టుకుని షామియానా వైపు పోతున్నారు. ఆడపిల్లకు పళ్ళెం, మగపిల్లలకు కుర్చీలు. ఇంజనీరింగు కాలేజీ ఇది! "పళ్ళెం కింద పెట్టి షెడ్డుకు పో" అని ఆ అమ్మాయితో అంటుండగానే డప్పులు మోగాయి. కార్లు లోపలికి వచ్చేశాయి.

కరస్పాండెంటు పరుగున వచ్చి కారు తలుపు తీశాడు. వాచీ చూసుకుని, "ఇంగ టైం లేదన్నా, సీదా షెడ్డుకే. బటన్ నొక్కినాక మాట్లాడుకుందాం" అన్నాడు. అన్నన్నా అంటూ జనం చుట్టుముట్టారు. ఆ అమ్మాయి చేతిలో కర్పూరం వెలిగించి పళ్ళెం ఎత్తమని ఎవరో అరిచారు. ఎత్తింది. పెద్దమనిషి ఆగనైనా ఆగలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరికోసం ఆ పిల్లను మిషను దగ్గర నుంచి ఈడ్చుకొచ్చారో ఆ మనిషి ఆమె పక్క నుంచే గాలిలా పోయాడు. కర్పూరం పళ్ళెంలోనే కొండెక్కింది.

నేను జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాను. "ఆపండి! గాలి తీయలేదు! నొక్కొద్దు!" అని అరిచాను. డప్పుల హోరులో నా గొంతు నాకే వినబడలేదు. అయినా ఎర్రలైటు ఉంది కదా, తాళం ఉంది కదా, నొక్కినా తిరగదు కదా అని మనసులో ఒక ధైర్యం. షెడ్డు తలుపు దాకా పోయాను. అప్పుడు వినబడింది.

ఠంగుమని ఒక దెబ్బ. వెంటనే ఇంకొకటి, ఇంకా గట్టిగా. ఆపైన బుస్సుమని చప్పుడు. గొట్టం ఒకటి ఊడి, ఆయిలు పెద్దమనిషి తెల్లచొక్కా మీద మెడ నుంచి నడుము దాకా చిమ్మింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కరస్పాండెంటు తన భుజం మీది కండువా తీసి ఆ చొక్కాను తుడుస్తున్నాడు. ప్రిన్సిపాలు నీళ్ళు తెమ్మంటున్నాడు. హెచ్చోడీ సబ్బు తెమ్మంటున్నాడు. షెడ్డు నిండా మనుషులు, అందరూ చొక్కా చుట్టూనే. ఇంజను వైపు చూసినవాళ్ళు ఒక్కరు లేరు.

నేను చూశాను. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మరి స్టార్టరు ఎలా తిరిగింది? తాళం పెట్టె మూత తీశాను. రెండు మరల మధ్య ఒక పసుపుపచ్చ వైరు ముక్క చుట్టి ఉంది. తాళాన్ని తప్పించి స్టార్టరుకు కరెంటు డైరెక్ట్ కొట్టేశారు. మా దగ్గర ఏది అడ్డం వచ్చినా అంతే. ఫ్యూజు పోతే వైరు చుట్టడం, మోటారు ట్రిప్పయితే డైరెక్ట్ కొట్టడం. కాపాడడానికి పెట్టిందని ఎవరికీ తోచదు, ఆపడానికి పెట్టిందనే కోపం. పెద్దమనిషి నొక్కితే తిరగకపోతే ఎట్లా, రాహుకాలం వచ్చేస్తే ఎట్లా అన్న భయం తప్ప, ఆ లైటు ఎందుకు ఎర్రగా ఉందో అడగాలని ఆ పెద్ద తలకాయల్లో ఒక్కదానికీ తట్టలేదు. "ఎవురు కొట్టినారు ఇది?" అని అరిచాను. కరెంటు పని చూసే అతను భయపడి హెచ్చోడీ వైపు చూశాడు.

హెచ్చోడీ మైకు అందుకున్నాడు. ఇది ఇంకా ప్రయోగ దశలో ఉందని, అసలు కామ్ లేకుండా ఇంజను నడవడం కష్టమని, తాను ముందే హెచ్చరించానని చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నా చేతిలో వైరు ముక్క ఉంది కాబట్టి సరిపోయింది. స్పానరు ఉండి ఉంటే ఏం చేసేదాన్నో.

బయట వేపచెట్టు కింద ఆ అమ్మాయి నాన్న నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. కూతురు పళ్ళెం ఎక్కడో పెట్టేసి ఆయన పక్కన నిలబడి ఉంది. "మీరు చూడాల్సింది ఇది కాదు" అన్నాను.

"చూసినాలే మేడం," అన్నాడు. కోపం లేదు గొంతులో, అదే నాకు భరించలేనిదైంది. "మీరున్నప్పుడే, మీ కాలేజీలోనే పళ్ళెం చేతికిచ్చినారు. మీరు కొట్లాడినారు, అదీ చూసినా. అయినా ఆగిందా? పూణేలో కొట్లాడేదానికి మీరు కూడా ఉండరు గదా."

బొరుగుల ఉండల సంచి కూతురి చేతికిచ్చి, నాకు దణ్ణం పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఏడవలేదు. చీర మార్చుకుని వచ్చి ఇంజను దగ్గర కూర్చుంది. ఇద్దరం ఇంజను పైమూత, అదే హెడ్డు, విప్పాం. పొగ వాల్వుకున్న సన్నని కాడ వంగిపోయింది. పిస్టను మీద నెలవంక ఆకారంలో లోతుగా గుంట పడింది. హెడ్డు అడ్డంగా పగిలింది. బాగు చేయడానికి ఏమీ మిగల్లేదు. గాలి తీసిన వాల్వు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. "ఇది నేను చేసింది మేడం" అని దాన్ని వేలితో తుడిచింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు.

అక్కడితో వదిలేస్తే వాళ్ళు వాళ్ళెందుకవుతారు? పెద్దమనిషి చొక్కా పాడైనందుకు ఎవరినో ఒకరిని బలి ఇవ్వాలి. నెలాఖరు ఇంకా రాలేదు, పూణేకు ఆ అమ్మాయి ఏ జవాబూ పంపలేదు. ఇంతలో తండ్రిని వెంటబెట్టుకుని రమ్మని ఆమెకు ప్రిన్సిపాలు కబురు పెట్టాడు. పెళ్ళీడుకొచ్చిన పిల్లల్ని కూడా నాన్నను పిలుచుకురా అంటారు మా దగ్గర. ఆ మనిషి కూలి మానుకుని మళ్ళీ అంత దూరం వచ్చాడు.

ప్రిన్సిపాలు గదిలో కరస్పాండెంటు, ప్రిన్సిపాలు, హెచ్చోడీ కూర్చుని ఉన్నారు. ఆయన్ను కూర్చోమని ఒక్కరూ అనలేదు. నేను కుర్చీ బరబరా లాగి ఆయన వెనక వేశాను. ఆయన కూర్చోలేదు. నేను పసుపు వైరు బల్ల మీద పెట్టి, ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పాను. గొంతు పెంచే చెప్పాను. కరస్పాండెంటు ఆ వైరును పెన్నుతో పక్కకు జరిపాడు.

"వైరు సంగతి తర్వాత చూస్తాంలేమ్మా. ముందు ఇది చెప్పు. ఆ మిషను ఎవురికి అప్పజెప్పినారు?"

"ఈ పాపకే సార్," అన్నాడు హెచ్చోడీ. "గాలి తీసేది, ప్రెజరు చూసేది, అంతా ఈ పాపే. అట్లాంటిది ఆ టైములో మిషను తావ ల్యాకపోతే ఎట్ల సార్? బాధ్యత ఉండొద్దా?"

నా నోట మాట రాలేదు. జీవితంలో మొదటిసారి. తానే చీర కట్టించి గేటు దగ్గర నిలబెట్టి, ఇప్పుడు గేటు దగ్గర ఎందుకున్నావంటున్నాడు! ఆ అమ్మాయి నోరు తెరవబోయింది. వాళ్ళ నాన్న చేత్తో ఆగమన్నాడు. తల వంచుకుని వింటున్నాడు.

ప్రిన్సిపాలు ఆయన వైపు తిరిగాడు. "చూడప్పా, నీ కూతురి మీద మాకేం కోపం లేదు. అయితే తప్పు తప్పే. ఆ పాప దగ్గరుండి ఉంటే ఇంజను పోయేది కాదు, అంత పెద్దమనిషి ముందర మాకు తలవంపులూ ఉండేవి కావు. ఆ మాట నువ్వు ఒప్పుకుంటావా లేదా?"

ఆయన తల ఎత్తాడు. "నాకు చదువు రాదు సార్, నిదానంగా చెప్పండి. మా పాప ఆడ లేనందుకే మిషను పోయిందంటారు."

"అదే కదప్పా చెప్తాండేది."

"ఇంత పెద్ద కాలేజీలో, ఇంతమంది సార్లు ఉండి, ఆ పని ఇంగెవురికీ రాదంటారు."

"ఎవురికొస్తాది? ఆయమ్మకు తప్ప ఎవురికీ రాదు!" అన్నాడు హెచ్చోడీ, నేరం ఇంకా గట్టిగా అంటించేద్దామన్న తొందరలో.

వాళ్ళ నాన్న మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆ పొద్దు చూస్తామని వస్తే పళ్ళెం చూపిస్తిరి సార్. ఈ పొద్దు మీరే చెప్తిరి. నాకు ఈ మాటే కావాల్సింది." కూతురి వైపు తిరిగాడు. "పద మా. పూణేవాళ్ళకు వస్తానని చెప్పు. రైలు యాడ ఎక్కల్నో కనుక్కుందాం."

ఇద్దరూ బయటికి పోయారు. తలుపు మూసుకున్నాక కరస్పాండెంటు అయోమయంగా నా వైపు చూశాడు. "ఏమ్మా, ఆయప్ప ఏమంటాడు? తప్పు ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్యారు సార్. మీరు," అని చెప్పి నేనూ వాళ్ళ వెనకే వచ్చేశాను. పూణే రైలు కడప మీదుగానే పోతుందని వాళ్ళకు చెప్పాలి కదా.